పోగు తెగితే ఆగుతుందా

శుక్రవారం, రాత్రి.

మ్యూచువల్ ఫండ్‌లో మళ్లీ లాభం వచ్చింది. ఇకముందు వచ్చేది దానంతటదే తిరిగి ఫండ్‌లోకి పోవాలా, నా ఖాతాలో పడాలా అని ఫోన్ అడుగుతోంది.

"ఆటోమేటిక్ పెట్టు పప్పా. చేతికొస్తే ఖతమైతది" అంది శ్రావణి. నిజమే. పోయినసారి వచ్చిందంతా బావమరిది పెళ్లిలో కరిగిపోయింది.

నా భార్య పద్మ ఒప్పుకోలేదు. "దీపావళి అయినంక మగ్గాలు బందైతయి, పగార్ రాదు. అప్పుడేం తింటం?"

అదీ నిజమే. నిరుడు ఆ సెలవుల్లో ఈ ఉన్ బస్తీలో ఇంటి కిరాయి కట్టింది ఫండ్ లాభంతోనే.

"పోగు తెగితే నా మగ్గం దానంతటదే ఆగుతది బిడ్డా. మనకు పైసల ఇబ్బందైతే గిది గట్ల ఆగుతదా?" అని అడిగాను.

"ఆగదు. నువ్వు ఆపేదాక నడుస్తనే ఉంటది."

అయినా ఆటోమేటిక్ నొక్కాను. పద్మ గిన్నెలు చప్పుడయ్యేలా సర్దింది.

తర్వాత దాన్ని ఆపడం ఎలాగో శ్రావణితో రెండుసార్లు చూపించుకున్నాను. "ఇప్పుడే ఆపుతవా ఏంది?" అని నవ్వింది.

నవ్వితే నవ్వనీ. షెడ్డులో కొత్తగా చేరినవాడికి నేను ముందు నేర్పేది మగ్గం ఆపడమే.