దొర కుండలో ఉడకనన్న దుంప గురించి

పరిశోధనా విభాగం సంచాలకులు డాక్టర్ ఎఫ్రాయిన్ న్యౌపరి గారి సముఖమునకు,
లీమా, పెరూ.

అయ్యా,

విషయం: మా అవ్వ కథను నేను దొంగిలించానన్న అభియోగం రద్దు కోరుట గురించి.

దిగువ సంతకం చేసిన నిల్డా సుల్కా అను నేను ఉవాంకవెలికా కొండపల్లె నుంచి వచ్చి, తమ విభాగంలో 'వలసానంతర ఆదివాసీ సాహిత్యం' ఎం.ఏ. రెండవ సంవత్సరం చదువుచున్నాను. నా సిద్ధాంత వ్యాసంలో చౌర్యం రుజువైనదనియు, అచ్చయిన పుస్తకం ప్రకారం దానిని తిరగరాయుటకు శుక్రవారంలోగా ఒప్పుకొననిచో నా పేరు కొట్టివేయబడుననియు తాఖీదు అందినది. అందుపై నా మనవి:

1. సదరు వ్యాసం మా నాయన తల్లి సతుర్నినా తాయ్పే మా క్వెచువా భాషలో చెప్పే కథ మీద రాసినది. దొర పొలంలో పండిన ఒక దుంప, దొర కుండలో ఉడకనని మొండికేస్తుంది. మూడు రోజులు మంట పెడతారు. కట్టెలు అయిపోతాయి, తలుపులు విరిచి పెడతారు, ఆఖరికి దొర కుర్చీ కూడా పొయ్యిలోకి పోతుంది. దుంప మాత్రం పచ్చిగానే ఉంటుంది. దుంపలు తవ్వే రోజుల్లో అవ్వ ఇది చెబితే పారలు పక్కన పడేసి నవ్వేవాళ్ళం.

2. కాపీలు పట్టే యంత్రం నా వ్యాసంలో నూటికి డెబ్బై ఒక్క పాళ్ళు ఒక విదేశీ ఆచార్యుని పుస్తకంతో సరిపోయినదని తేల్చినది. నిజమే. ముప్పై ఏళ్ళ కిందట ఆయన టేపు రికార్డరుతో మా పల్లెకు వచ్చి, అవ్వ చెప్పిందే రాసుకుపోయారు. పుస్తకంలో ఆమె పేరు "ఒక వృద్ధ స్త్రీ". అప్పటికి అవ్వకు నలభై నాలుగేళ్ళు.

3. మిగిలిన ఇరవై తొమ్మిది పాళ్ళు 'మూలానికి విరుద్ధం' అని నిర్ణయించినారు. ఎందుకంటే పుస్తకంలో దుంప చివరికి ఉడుకుతుంది. ఆ ఉడకడం మీద ఆచార్యులవారు నలభై పేజీలు రాశారు. లొంగిపోయిన జాతి మనసుకు అది గుర్తట. అంటే పుస్తకంతో కలిసిన చోట నేను దొంగను, కలవని చోట అబద్ధాలకోరును. మధ్యలో నిలబడడానికి కార్యాలయం వారు నాకు జానెడు చోటు మిగల్చలేదు.

4. పోయిన మంగళవారం తమరి అధ్యక్షతన జరిగిన విచారణకు అవ్వ సాక్షిగా వచ్చింది. వేయించిన మొక్కజొన్న గింజల మూట ఒళ్ళో పెట్టుకుని పద్నాలుగు గంటలు బస్సులో కూర్చుంది. ఆమెకు క్వెచువా తప్ప స్పానిష్ రానందున దుభాషిని పెట్టినారు. సభ్యులొకరికీ ఆమెకూ జరిగిన సంభాషణ ఉన్నదున్నట్టు:

"ఈ కథ మీకు ఏ పుస్తకంలో దొరికిందమ్మా?"

"పుస్తకమేంటయ్యా? మా అత్త చెప్పింది."

"ఆవిడ ఏమైనా వెలువరించారా?"

"పదకొండు మందిని. చాలదా?"

"మరి పుస్తకంలో దుంప ఉడికిందని ఉందే?"

"ఉడికించింది నేనేలే. ఆ తెల్లాయన ఊరికే గడియారం చూసుకుంటా ఉండె, బస్సు పోతుందని. పాపం ఎంతసేపని కూచోబెట్టేది? సరే, ఉడికిందిలే నాయనా, పోయిరా అన్నాను."

దీనిని 'ఆధారం లేని నోటిమాట' అని నమోదు చేశారు. అంతటితో ఆగక, అచ్చు హక్కులు ప్రచురణకర్తవి గనుక, ఇకమీదట ఆ కథ నలుగురిలో చెప్పేముందు రాతపూర్వకంగా అనుమతి తీసుకోమని అవ్వకే సలహా ఇచ్చారు.

5. బస్టాండులో అవ్వ మూటలో మిగిలిన మొక్కజొన్న గింజలు నా సంచిలో పోసింది. బస్సెక్కబోతూ నా గడ్డం పట్టుకుంది.

"నిన్ను దొంగ అన్నారు గదే పిల్లా... పోనీ, ఉడికించెయ్. దుంపే గదా. నీ చదువన్నా నిలబడుతుంది."

అయ్యా, ఈ కథ చెబుతోందనే దొర గుమాస్తా అవ్వ అత్తగారిని కొరడాతో కొట్టించాడు. ఆ వీపు కడిగి ఆకుపసరు పూసింది అవ్వే. అంత దెబ్బకూ ఆ ముసలమ్మ దుంపను ఉడకనివ్వలేదు. నా పట్టా కోసం అవ్వ ఉడికించడానికి సిద్ధపడింది. నా వల్ల కాదు. తిరగరాయలేకపోతున్నందుకు చింతించుచున్నాను అని ఇక్కడ రాయాలి. చింతించడం లేదు.

కావున తమరు దయతో దొంగ అన్న మాట కొట్టివేయించి, ఆధారాల పట్టీలో "సతుర్నినా తాయ్పే, స్వయంగా చెప్పినది" అన్న వాక్యం ఉండనివ్వవలెను. అది కుదరదంటే నా పేరే కొట్టివేయండి, ఆమె పేరు మాత్రం వద్దు. కోపగించక చిత్తగించవలెను.

తమ విధేయురాలు (శుక్రవారం వరకు),
నిల్డా సుల్కా

తా.క.: ఇది అర్జీలో రాయదగినది కాదు, కానీ ఆగలేకపోతున్నాను. బస్సు కదిలాక అవ్వ కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది: "నేను పదకొండు మంది అన్నప్పుడు ఆ దుభాషి ఇంకా నోరే తెరవలేదే! పెద్ద కుర్చీలో ఆయన అప్పటికే నవ్వేశాడు. ఎవరి మనవడో కనుక్కో. వాళ్ళవ్వ ఇంకా ఉంటే చెప్పిరా, పిల్లాడు మన మాట మర్చిపోలేదని."