కాల్చని టపాసుల దండ

డిసెంబర్ 31

గుయ్‌లియెన్ నిన్న మధ్యాహ్నం పోయింది. పొద్దున రెండు చెంచాల గంజి తాగింది. ఎండలో కూర్చోబెట్టమంది. కొండవాలు వైపు చాలాసేపు చూసింది. నా చేయి పట్టుకునే ఊపిరి వదిలింది.

ఊపిరి ఆగగానే వాకిట్లో టపాసులు కాల్చాలి. ఊరికి కబురూ, పోయినవాళ్లకు దారీ అవే. దండ పట్టుకుని గుమ్మం దాకా వెళ్లాను. దెషెంగ్ ఎదురొచ్చాడు. దాయాది, ఊరిపెద్ద. ఊరుమ్మడి భూమికి ఇప్పుడు తలకో వాటా రాస్తున్నారు, డిసెంబర్ 31న బతికున్నవాళ్లకే.

అగ్గిపెట్టె లాక్కున్నాడు. నాన్‌చాంగ్‌లో కాలేజీ వెలగబెట్టినోడివి, ఒక్క రాత్రి ఆగలేవట్రా తమ్ముడూ, అన్నాడు. మరదలికి బతికుండగా జానెడు నేల రాలేదు, పోయాకైనా రానీ, అన్నాడు.

నిజమే. నాతో పెళ్లయ్యాక పుట్టిన ఊరు ఆమె మడి వెనక్కి తీసుకుంది. ఇక్కడ పంపకాలు అప్పటికే అయిపోయాయి. నా వాటాలోనే ముప్పై ఏళ్లు నాట్లేసింది.

ఆగాను. ఈ పొద్దున దెషెంగ్ తెచ్చిన దండ కాల్చాం. నాది బియ్యం కుండ మీదే ఉంది.

జనవరి 2

ఆ పొద్దున టపాసులు కాల్చగానే వచ్చి ఆమెకు బట్టలు తొడిగింది పక్కింటి చున్యెన్. చేతులు వంగలేదు. చొక్కా వెనక చీల్చి తొడిగింది. పిన్నికి రాత్రి బాగా చలేసినట్టుంది బాబాయ్, అంది. నా మొహం చూడలేదు.

జనవరి 9

ఆమె పార పిడి అరచేయంత మేర నున్నగా అరిగింది. ముట్టుకోలేదు.

జనవరి 14

పూర్వీకుల మంటపంలో మీటింగ్. చున్యెన్ విడాకులై తిరిగొచ్చింది. అత్తింటి ఊరు ఆమె పేరు కొట్టేసింది. ఇక్కడ రాయమని నిలబడింది. పేరు పెరిగితే అందరి వాటా తరుగుతుందని గోల. పారబోసిన నీళ్లు కుండలోకి ఎక్కుతాయటే పిల్లా, అన్నాడొక ముసలాయన. నవ్వులు.

ఇక్కడే పుట్టాను పెదనాన్నా, బతికే ఉన్నానుగా, అంది.

బతికే ఉన్నానుగా.

వద్దనేవాళ్లు చేతులెత్తమన్నారు. దెషెంగ్ నా వైపు చూశాడు. ఎత్తాను.

బయట నా పక్కనుంచి వెళ్తూ, పిన్ని వాటా నిలిచింది కదా బాబాయ్, సంతోషం, అంది చున్యెన్. ఎగతాళి లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది.

జనవరి 15

రేపు పొద్దున మంటపంలో జాబితా మీద వేలిముద్రలు. అంతకు ముందే, మెట్ల మీద, బియ్యం కుండ మీది దండ కాలుస్తాను. గుయ్‌లియెన్ పేరున రాసిన వాటా చున్యెన్‌కు అడుగుతాను.

ఎవరు పోయారంటారు. గుయ్‌లియెన్, ముప్పయ్యో తారీఖు మధ్యాహ్నం, అంటాను.