అరవై ఒకటో మనిషి

జూన్ 2

కాలనీ వార్షికోత్సవానికి ఆడవాళ్ళ డ్రిల్లు నేర్పే పని నా నెత్తిన పడింది. స్కూల్లో పీటీ టీచర్ని కదా, తప్పించుకోలేను. అరవై ఒక్కమంది చేరారు. వాళ్ళలో నా తోటికోడలు కూడా. మా పై వాటాలోనే ఉంటుంది. నన్ను నీకు కనబడేలా నిలబెట్టక్కా అంది.

జూన్ 6

తను అడుగు తప్పుతుంది. తప్పినప్పుడల్లా పకపకా నవ్వుతుంది. ఆవిడ మీ బంధువట కదా అని సెక్రటరీ గారి భార్య అడిగింది. అవునని చెప్పడానికి నోరు రాలేదు.

జూన్ 7, ఉదయం

దారి దొరికింది. అరవై ఎంత మంచి నంబరు! ఇద్దరేసి, ముగ్గురేసి, నలుగురేసి, ఐదుగురేసి, ఆరుగురేసి, వీటిలో ఎలా విడగొట్టినా ఎవరూ మిగలరు. అరవై ఒకటి ప్రైమ్ నంబరు. దేనికీ లొంగదు. ప్రతిసారీ ఒకరు మిగిలిపోతారు.

సాయంత్రం

పైకెళ్ళి చెప్పేశాను. లెక్క కుదరడం లేదు, ఒకరు తగ్గాలి, బయటివాళ్ళని పొమ్మంటే బాగోదు, నువ్వయితే ఇంటిమనిషివి అన్నాను. లెక్కే అడ్డొస్తే నువ్వు మాత్రం ఏం చేస్తావులే అక్కా అంది. కుట్టుమిషను మీద తెల్ల డ్రెస్సు సగం కుట్టి ఉంది. చూడనట్టే వచ్చేశాను.

జూన్ 8

నెపం లెక్క మీదకి నెట్టాను. లెక్క నోరు విప్పదు కదా.

జూన్ 12

మరిది కిందికొచ్చాడు. కాలేజీలో లెక్కలు చెబుతాడు. పెళ్ళాం డ్రిల్లులో లేదని తెలిసి రెండ్రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాడట. వెనకే తోటికోడలు, చేతిలో గుండీల డబ్బా. వదినా, నీ బెంగ తీరిపోయింది అంటూ టేబుల్ మీద ఒక గుండీ పెట్టాడు. దాని చుట్టూ ఆరు. వాటి చుట్టూ పన్నెండు. ఆపైన పద్దెనిమిది, ఆపైన ఇరవై నాలుగు. తేనెపట్టు గదిలా ఆరు మూలలతో ముచ్చటగా కుదిరింది. ఒక్కటీ మిగల్లేదు.

"అరవైతో ఇది రాదు వదినా. నడుమ ఒక మనిషి ఉండాల్సిందే" అని మురిసిపోయాడు.

నేను సంతోషించాలి కదా. అబ్బే, ఇప్పుడు మార్చలేం, అందరూ నేర్చేసుకున్నారు అన్నాను. ఇంకా వారం పైనే ఉందిగా అన్నాడు పాపం. తోటికోడలు తలెత్తి నా ముఖంలోకి చూసింది. అర్థమైపోయింది తనకి.

"పదండి, అక్కకి పనుంది" అని మొగుణ్ణి లేపింది. గుండీలు ఒక్కొక్కటీ ఏరి డబ్బాలో వేసుకుంది.

జూన్ 13

పైకి వెళ్ళాను. నడుమ నువ్వే నిలబడు అన్నాను. నా గొంతు నాకే అడుక్కుంటున్నట్టు వినిపించింది. తను బట్టలు మడతపెడుతూనే ఉంది.

"నీకు అడుగు రావట్లేదని చెప్పుంటే నేర్చుకునేదాన్ని. లేకపోతే మానేసేదాన్ని. నాకు లెక్కలు రావనే కదా అలా చెప్పావు."

కోపంగా అనలేదు. కోప్పడినా బాగుండేది.

జూన్ 14

మరిది ఆ గుండీల వరసని కాగితం మీద గీసి చూపిస్తే సెక్రటరీ గారికి నచ్చిందట. అదే వేయమన్నారు. నడుమ మేముంటామంటే మేముంటామని నలుగురు ఎగబడ్డారు. ఎవరిని తెచ్చి పెట్టినా బయట ఒకచోట వరస తెగుతుంది. ఎవరినీ పెట్టలేదు.

జూన్ 21

బాగా జరిగింది. నడుమ అలా ఖాళీ వదలడం గొప్ప ఐడియా, ఎవరిదమ్మా అని ముఖ్య అతిథి మైకులో అడిగారు. తోటికోడలు మూడో వరసలో కూర్చుని ఉంది.

నాదే అన్నాను.