గండుపిల్లి వాసన, నీ ఎర్రంచు చీర

ఎమ్మిగనూరు

ఈరమ్మా,

నేనే. నువ్వు పోయి ఏడాది దాటి మూడు నెలలు. బదులు రాయలేని మనిషికి ఏమని రాయాలో తెలియక ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. ఇవాళ ఊరుకోవడం నా వల్ల కావడం లేదు.

మనకు మనవడు పుట్టాడు. మన లక్ష్మికి కొడుకు... మన ఇంట్లోనే, మగ్గం పక్క గదిలో. పిడికిళ్ళు బిగించుకుని, నీ మాదిరే ముక్కు ఎగరేసుకుని, ఇల్లు అదిరేటట్టు ఏడ్చాడు. ఆ ఏడుపు ఎంత బాగుందో నీకు ఎట్లా చెప్పను?

నెల నిండిందని ఇవాళ వీధి అంతటికీ బెల్లం పంచాను. అందరూ నోరు తీపి చేసుకుని ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు. ఖాళీ పళ్ళెంతో తిరిగి వస్తుంటే, చెప్పవలసిన మనిషికి ఇంకా చెప్పనే లేదని అనిపించింది. అందుకే ఈ రాత.

అసలు ఈ కాన్పు మన ఇంట్లో జరగకుండా పోయేది. ఒక పిల్లి వల్ల. నవ్వకు, మొదటినుంచీ చెబుతాను.

నీ నల్లపిల్లి, ఎప్పుడూ నీ కాళ్ళ చుట్టూ తిరిగేదే, నువ్వు పోయాక వచ్చిన ఎండాకాలం నూలు గంపలో పిల్లలు పెట్టింది. కొన్నాళ్ళకు అది ఎటో వెళ్ళిపోయి మళ్ళీ రాలేదు. ఆడకూనల్ని వీధివాళ్ళు తీసుకుపోయారు. నుదుట తెల్ల బొట్టున్న మగకూనను నేను ఉంచుకున్నాను. బొట్టుగాడని పేరు పెట్టాను.

నువ్వుండగా మగకూనల్ని పాలు మానగానే ఆదోని ధాన్యం అంగళ్ళకు పంపేసేదానివి. ఎందుకని నేను ఎన్నడైనా అడిగానా? అంగళ్ళలో ఎలుకలు ఎక్కువ కదా, వాళ్ళే అడుగుతారేమో అనుకున్నాను.

దసరా దాటాక ఇంట్లో గబ్బు మొదలైంది. మగ్గం మనిషిని, నాకేం తోస్తుంది? పడుగుకు పెట్టే గంజి పులిసిందనుకున్నాను. కుండెడు గంజి పారబోసి కొత్తది కాచాను. అదీ పులిసిందనుకున్నాను. కుండ మార్చాను. పిండి అమ్మిన షావుకారుతో జగడం పెట్టుకున్నాను. బొట్టుగాడు పక్కనే కూర్చుని, మూతి నాక్కుంటూ అంతా చూశాడు.

అట్లా ఉండగా లక్ష్మి ఆదోని నుంచి వచ్చింది. అప్పటికి ఆరో నెల. గడప దగ్గరే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"నాయనా, ఇది గంజి గబ్బు కాదు. గండుపిల్లి ఉచ్చ. గోడ సూడు, ఎట్లా మరకలు పడినాయో."

చూశాను. తలుపు మూల, మగ్గం కాలు, నూలు గంప... బొట్టుగాడు తోక నిట్టనిలువుగా ఎత్తి వెనక్కి చిమ్ముతున్నాడు. నా కళ్ళెదుటే చేస్తున్నా, ఎదుగుతున్న పిల్ల కదా అని మురిసిపోతూ ఉన్నాను.

తొలికాన్పు పుట్టింట్లో కావాలి కదా. "తల్లి లేని ఇంట్లో కాన్పేంది, ఈడనే కనుమ్మా" అని వాళ్ళ అత్త అప్పటికే అంటోందట. లక్ష్మికి ఇక్కడికే రావాలని. నీ చెల్లెలు పెద్దకడుబూరు నుంచి వచ్చి చేస్తానంది. అన్నీ కుదిరాయి, వాసన ఒక్కటి తప్ప.

"ఈ గబ్బులో పసిబిడ్డను యాడ పండబెట్టుకోవాల? పిల్లిని యాడన్నా ఇడిసిపెట్టు నాయనా. లేకుంటే నేను రాను" అని, అన్నం కూడా తినకుండా బస్సెక్కింది.

సంచిలో వేసి ఆస్పరి అవతల వదిలేసి రమ్మన్నారు వీధిలో. సంచి తీశాను కూడా. వాడేం చేశాడో తెలుసా? ఆట అనుకుని వాడే సంచిలోకి దూరి పడుకున్నాడు. నువ్వు పోయాక ఈ ఇంట్లో నేను మాట్లాడితే బదులు పలికేది వాడొక్కడే... ఎట్లా వదలను?

ఎదురింటి సోమన్న ఒక మాటన్నాడు. "కోడెలకు విత్తులు నొక్కిస్తే మెత్తబడవా మామా? పిల్లి మాత్రం ఏం తక్కువ?" నిజమే అనిపించి, కోడెలకు ఆ పని చేసే మనిషి దగ్గరికి తీసుకుపోయాను. వాడు కడుపు పట్టుకుని నవ్వాడు. "పెద్దాయనా, నా కట్టెల నడుమ ఈ పిల్లి మొత్తం నలిగిపోతాది. ఆదోనిలో పశువుల డాక్టరుండాడు, ఆడికి పో."

గంపలో పెట్టి, పైన ఇంకో గంప బోర్లించి, నూలు తాడుతో కట్టాను. బస్సు ఊరు దాటింది మొదలు ఒకటే ఏడుపు. "ఏం తాతా, అల్లునింటికి పిల్లిని సారె తీసుకపోతాండావా?" అన్నాడు కండక్టరు. సంగతి చెప్పాను. "సంసారం చేయనీకుండా పాపం దాని ఉసురు పోసుకుంటాండాడు సూడు ముసలాయన" అంది వెనక కూర్చున్న ఒకామె. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. నలుగురి మధ్య కూర్చుని నవ్వి ఎన్నాళ్ళయిందో...

డాక్టరు చిన్నవాడు, మద్రాసులో చదివాడట. ఆయన నవ్వలేదు. "కొంచెం ముందు తేవాల్సింది పెద్దాయనా" అన్నాడు. పాలు మాని, ఒళ్ళు గట్టిపడి, విత్తులు చేతికి తెలిసే వయసులో, అంటే అయిదారు నెలలకు, చేయిస్తే మంచిదట. మరీ పసికూన తట్టుకోదు. చిమ్మే అలవాటు పడకముందే చేయిస్తే చాలావాటికి ఆ బుద్ధే పుట్టదు. అలవాటు పడ్డాక చేస్తే తగ్గుతుంది గానీ కొన్ని వారాలు పడుతుంది. కొన్నిటికి పూర్తిగా పోకపోవచ్చు కూడా.

బొట్టుగాడికి అప్పటికే తొమ్మిదో నెల.

చెయ్యమన్నాను. మత్తు ఇచ్చి లోపలికి తీసుకుపోయారు. పని తొందరగానే అయింది. వాడు అరవలేదు, బయట కూర్చుని వణికింది నేను. గాయం ఆరేదాకా మట్టిలో పొర్లనివ్వవద్దనీ, వాపు, చీము కనిపిస్తే వెంటనే తెమ్మనీ చెప్పి, ఆయన చివరన ఇంకో మాటన్నాడు. ఇల్లంతా కడగాలట. ఫినాయిలు పోసినా, సాంబ్రాణి వేసినా లాభం లేదు. బొట్టుగాడి వాసన ఒక్క చోట మిగిలినా వాడు మళ్ళీ అక్కడికే పోతాడట.

అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. ఒకసారి నిజంగానే గంజి పులిస్తే నేను సాంబ్రాణి వేశాను కదా. "పొగేసి ఎవుర్ని మోసం చేస్తావు? కడుగు" అన్నావు.

కడిగాను ఈరమ్మా. గోడలకు కుంకుడు రసం పట్టించి రుద్ది, ఆరాక సున్నం కొట్టాను. ఉచ్చ ఇంకిన చోటల్లా నేల గీకి, కొత్త మట్టి వేసి అలికాను. నూలు గంప పారేశాను. మగ్గం కాళ్ళు తోమి ఎండబెట్టాను. కొన్ని వారాలకు బొట్టుగాడు నెమ్మదించాడు. ఇల్లంతా బాగుపడింది, ఒక్క మూల తప్ప.

వాడు రోజూ ఆ మూలకు పోయి వాసన చూసి, తోక ఎత్తేవాడు. నీ ఎర్రంచు చీర వేలాడే మూల.

నీ బట్టలన్నీ చాకలికి ఇచ్చేస్తుంటే అదొక్కటీ ఇవ్వనన్నాను. పోయే ముందు నువ్వు కట్టి విడిచినది, నా మగ్గం మీద నేసినది. ఉతకలేదు. దండెం మీద అట్లాగే ఉంచాను. ఆకువక్క, పొయ్యి పొగ, నీ తలనూనె... సాయంత్రం మగ్గం దిగి దానికి ముఖం ఆనించుకునేవాణ్ణి. కింది అంచు నిండా వాడి మరకలే. నా ముక్కుకు తెలియలేదా? తెలిసినా తెలియనట్టు ఊరుకున్నానా?

ఉతికితే నువ్వు పోతావు. ఉతక్కపోతే బిడ్డ రాదు. తీశాను, మళ్ళీ వేశాను. మళ్ళీ తీశాను. లక్ష్మికి నెలలు నిండుతున్నాయి. ఎన్నిసార్లు తీసినా నీ మాట ఒకటే వినిపించింది. కడుగు.

చాకలికి వేయలేదు. నేనే కుంకుళ్ళు నానబెట్టి ఉతికాను. జాడిస్తుంటే నీళ్ళు కొంచెం ఎర్రగా దిగాయి. అంచు రంగా? నీ ఆకువక్కా? ఎండలో ఆరాక ముఖం పెట్టుకుని చూశాను. ఎండ వాసన. అంతే... ఆ సాయంత్రం మగ్గం ఎక్కబుద్ధి కాలేదు. ఇల్లు అంత శుభ్రంగా ఎన్నడూ లేదు. అంత ఖాళీగానూ ఎన్నడూ లేదు.

లక్ష్మి వచ్చింది. గడపలో నిలబడి నాలుగు దిక్కులా వాసన చూసింది. "సున్నం వాసన తప్ప ఏం లేదులే నాయనా" అని లోపలికి అడుగు పెట్టింది.

బిడ్డ పుట్టాక నీ చెల్లెలు అడిగింది, "బావా, మా యక్క చీర యాడుండాది?" అని. అమ్మమ్మ పాతచీరతో ఉయ్యాల కట్టాలి కదా... నేను మరిచేపోయాను. తీసిచ్చాను. మగ్గం గది దూలానికి కట్టారు. నీ చీరలో నీ మనవడు. బొట్టుగాడు గడప అవతల కూర్చుని చూస్తాడు, తోక ఒంటికి చుట్టుకుని.

ఇప్పుడు సంగతేమంటే, మనవడు చీర మొత్తం తడిపేస్తాడు. తెల్లారితే నా పని అదే. "పిల్లిది మాన్పించినావు, వీనిది ఏ డాక్టరు కాడ మాన్పిస్తావు బావా?" అని నీ చెల్లెలు ఒకటే ఎగతాళి. ఏడాదిగా చేయి పెట్టడానికి భయపడ్డ చీరను రోజూ ఉతుకుతున్నాను. ఉతికిన ప్రతిసారీ సంతోషంగానే ఉంది. పిండి ఆరేసేటప్పుడు మాత్రం ఒక్క క్షణం ముక్కుకు ఆనించుకుంటాను... అలవాటు.

మూడో నెల రాగానే లక్ష్మి బిడ్డనెత్తుకుని ఆదోని పోతుంది. నీ చెల్లెలు వాళ్ళ ఊరు పోతుంది. ఉయ్యాల విప్పుతారు. మళ్ళీ నేనూ బొట్టుగాడూ.

ఆ రోజు మటుకు ఉతకను ఈరమ్మా. మనవడు తడిపింది తడిపినట్టే ఆరబెట్టి, దండెం మీద నీ మూలలోనే వేస్తాను.

లక్ష్మి నాయన