వంతెన కింద మన సునీత

ఏవండీ,

నిన్ననే సౌదీలోని మన అల్ ఖోబర్ తిరిగొచ్చాను. కువైట్ యుద్ధంలో సముద్రపు మందుపాతర తగిలి, ఓడల్ని లాగే మీ టగ్‌బోటు మునిగి మీరు పోయినప్పటి నుంచీ నేను నీళ్ల జోలికి పోలేదు. ఇటలీలో ఉద్యోగం చేస్తున్న మన సునీత మాత్రం ఊరుకోలేదు. ఫ్లోరెన్స్ ఊరి మధ్యలో పారే నదిలో నన్ను కయాక్ అనే సన్నటి పడవ ఎక్కించి, తాను ముందు కూర్చుంది. ఇంకో కయాక్‌లో గైడు అమ్మాయి మా ముందు సాగుతూ తెడ్డు ఎలా వేయాలో చూపించింది.

పాత రాతి వంతెన నీడలోకి వెళ్లాక సునీత అడిగింది.

"నాన్న బోటు నడుపుతుంటే ఎలా ఉండేవారమ్మా?"

"తెలీదే. ఆ బోటు మీదికి ఆడవాళ్లని రానిచ్చేవారు కాదు. నేనెప్పుడూ చూళ్లేదు."

దాని చేతిలో తెడ్డు ఆగిపోయింది. నేనూ ఆపేశాను. గైడు వెనక్కి తిరిగి, అలసిపోయారా అని అడిగింది.

అవునన్నాం.

మీ రూతు