ఏడో గుమ్మటం గాలి కాగితం

అంగారక గ్రహం మీద భూమి ప్రతినిధి గారి సముఖమునకు, సాన్ హసింటో స్థావరపు గాలి పరిశోధనశాల అధిపతి డాక్టర్ నికనోరా చోకె వ్రాసుకొను అర్జీ.

విషయం: ఏడో గుమ్మటానికి ఆరు గంటలపాటు గాలి సరఫరా కట్టివేయు కాగితంపై నా సంతకం గురించి, మా పాప గురించి.

అయ్యా,

1. భూమి పెత్తనం వద్దని ఏడో గుమ్మటం వారు తలుపులు బిగించుకొని నేటికి పదకొండు రోజులు. లోపల నాలుగు వందల పన్నెండు మంది ఉన్నారు. తమరు పంపిన కాగితంలో మాత్రం "లోపల మనుషులెవరూ లేరు, గాలి కట్టి పరీక్షించవచ్చును" అని ఉన్నది. దానిపై నేను సంతకం చేయవలెనని ఆజ్ఞ.

2. మా పాప యానిరా, వయసు ఎనిమిది, ఎముకల వైద్యానికి తండ్రితో భూమికి వెళ్ళినది. వైద్యం ముగిసి నాలుగు నెలలైనను తిరుగు ఓడ ఎక్కనివ్వలేదు. విచారించగా తమరు కాఫీ ఇప్పించి, "చూడండి డాక్టరమ్మా, అక్కడ సంతకం పడితే ఇక్కడికి పాప బయల్దేరుతుంది. నేనేమైనా రాక్షసుణ్ణా?" అని సెలవిచ్చితిరి. కాఫీ బాగున్నది. ఇంటికి వచ్చి కక్కుకున్నాను.

3. నిన్న పాప కబురు వచ్చినది. "అమ్మా, ఇక్కడ పైనుంచి నీళ్ళు పడుతూనే ఉన్నాయి. ఎవరో కుళాయి కట్టడం మర్చిపోయారు. నువ్వొచ్చి చెప్పవా?" అన్నది. తొమ్మిదిసార్లు విన్నాను. అయ్యా, నాకు ఏ స్వాతంత్ర్యమూ వద్దు, నా బిడ్డ కావాలి అని గోడకు తల కొట్టుకొని ఏడ్చాను. ఇది అర్జీలో వ్రాయకూడదేమో. వ్రాశాను.

4. సంతకం చేద్దామనే కలం తీశాను. చేయకుండానే కాగితం మడిచి పట్టుకొని బయల్దేరాను. ఏడో గుమ్మటానికి వెళ్ళగా, నాకు గాలి పని నేర్పిన బెనీటా అత్త తలుపు తీసింది. ఎండు దుంపల పులుసు తాగుతూ కాగితం చదివింది. "ఏమే, మేం లేమని రాస్తావా? మరి ఈ పులుసు తాగేదెవరే, దయ్యమా?" అన్నది. అంతలో కాగితం అడుగున వేలు పెట్టి, "ఓసి పిచ్చిదానా! మీ దొర నీకంటే ముందే సంతకం పెట్టేశాడే!" అన్నది.

5. ఇక్కడి కట్టుబాటు తమరికి ఎవరూ చెప్పినట్టు లేదు. తొలి గుమ్మటంలో పద్దెనిమిది మంది ఊపిరాడక పోయిన నాటినుంచి ఉన్నదే. గాలి కట్టమని సంతకం పెట్టినవారు, ఎంతటివారైనను, ముందుగా ఆ గుమ్మటంలోకి వచ్చి కూర్చొనవలెను. ఆ తర్వాతే పనివారు గాలి కుళాయి తిప్పుతారు. పనివారందరూ ఈ నేల మీద పుట్టినవారే.

6. ఆజ్ఞ ప్రకారం నేనూ సంతకం చేసితిని. వచ్చి లోపల కూర్చున్నాను.

కావున పై సంగతులు చిత్తగించి, తమరు తక్షణమే బయలుదేరవలెను.

ఈ పూట వరకు తమ విధేయురాలు,
నికనోరా చోకె

తా.క.: ఈ అర్జీ తెచ్చిన ఆరుగురూ కుళాయి పనివారే. మిమ్మల్ని తీసుకొని గాని రారు. భయపడకండి, చేయి చేసుకోరు. బెనీటా అత్త తన పక్కన మీకు పీట వేసింది. పాపను ఓడ ఎక్కనిచ్చే కాగితం, మీ ముద్ర తెచ్చుకోండి. గాలి కట్టే వేళ సాయంత్రం ఐదు అని మీరే రాశారు. మీరు రాసింది మేం దిద్దకూడదు. లోపలికి వచ్చి మీరే గీత గీసి కొట్టెయ్యాలి.