నవీన ఇచ్చిన పెన్‌డ్రైవ్

జూన్ 9, ఆదివారం

మరదలితో సరసమాడే హక్కు బావకు ఎవరిచ్చారు? పెళ్ళయినప్పటి నుంచీ ఈ ప్రశ్న మోస్తున్నాను. అడిగితే అందరూ నవ్వేస్తారు.

ఈరోజు ధర్మవరంలో మా చెల్లెలు నవీన ఇంటికి వెళ్ళాం. వాళ్ళ మగ్గాల మీద నేసిన చీరలు తెచ్చి మా ఆయన ఫణి హిందూపురం అంగట్లో అమ్ముతాడు. నవీన గుమ్మంలోనే మొదలుపెట్టింది, ఏం బావా, ఈపొద్దు అక్క పర్మిషన్ దొరికిందా అని. దొరకలేదు, అందుకే ఎంటబెట్టుకోని వచ్చినా అన్నాడు ఫణి. ఆ నవ్వు మా ఇంట్లో విని చాలా కాలమైంది.

కారు స్టీరియో మాటిమాటికీ ఆగిపోతోందని, రివర్స్ కెమెరా సరిగా రావడం లేదని చెప్పాడు. నాదీ అదే కంపెనీ కదా బావా, అప్‌డేట్ కొడితే సరిపోతాది అని తన పెన్‌డ్రైవ్ ఇచ్చింది. ఫణి దాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పై జేబులో.

జూన్ 11

నెట్‌లో చదివాను. కంపెనీ ఒకటైతే చాలదు, లోపలి బోర్డు, వెర్షన్ కూడా కలవాలి. తప్పు ఫైల్ ఎక్కిస్తే స్క్రీన్ నల్లబడి మళ్ళీ లేవకపోవచ్చు. మా స్టీరియో సెట్టింగ్స్‌లో చూశాను. పెన్‌డ్రైవ్ తెరిచి చూస్తే అందులో ఉన్నది వేరే బోర్డు ఫైల్.

ఎక్కించనీ. నవీన ఇచ్చిందే కదా.

జూన్ 13

ఇంకా చెప్పలేదు.

జూన్ 16, ఆదివారం

మళ్ళీ ధర్మవరం. దారిలో పెనుకొండలో టీకి ఆగాం. ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి, ఈడనే చేసేద్దాం అంటూ ఫణి పెన్‌డ్రైవ్ గుచ్చాడు. అప్‌డేట్ చేయాలా అని స్క్రీన్ అడిగింది. వేలు లేచింది. నేను పెన్‌డ్రైవ్ లాగేశాను. మొదలయ్యాక లాగితే అదీ ప్రమాదమే. ఇంకా మొదలవలేదు.

ఏమే, పిచ్చి పట్టిందా నీకు అన్నాడు. ఫైల్ సంగతి చెప్పాను. ఎప్పట్నుంచి తెలుసు అన్నాడు. మంగళవారం నుంచి అన్నాను. టీ తాగకుండానే కారు ధర్మవరం దాకా ఉరికించాడు.

సంగతి విని నవీన మాత్రం పడీపడీ నవ్వింది. నీ స్టీరియో నా చేతిలో చచ్చేది బావా, అక్క బతికించింది అంది. అతనూ నవ్వాడు. ఇద్దరూ నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

జూన్ 20

స్టీరియో అమ్మినవాళ్ళకు బోర్డు నంబరు ఫోటో పంపి సరైన ఫైల్ తెప్పించుకున్నాను. వేరే పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేసి అదొక్కటే వేశాను. అన్నీ చెరిగిపోతాయి కనక పాత సెట్టింగ్స్ ఫోటోలు తీసి పెట్టుకున్నాను. ఇంటి ముందు ఇంజిన్ ఆన్ చేసి, తాళం ముట్టుకోవద్దని ఫణికి చెప్పాను. చేతులు ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. స్క్రీన్ మీద గీత మెల్లగా నిండుతుంటే ఇద్దరం దాన్నే చూస్తున్నాం. ఇంకాస్త నెమ్మదిగా నిండితే బాగుండుననిపించింది.

కెమెరా వచ్చింది. ఇదంతా యాడ నేర్చుకున్నావే అన్నాడు, నిజంగా ఆశ్చర్యపోతూ. ఆ సంతోషంలో నేనుండగానే ఫోన్ మళ్ళీ కనెక్ట్ చేశాడు. మైక్ ఎట్ల పనిచేస్తాందో చూద్దాం అని నవీనకు కలిపాడు.

చెప్పు బావా అంది. నాలుగు స్పీకర్లలోంచీ దాని గొంతే. ముందెన్నడూ లేనంత స్పష్టంగా. నేను బాగుచేసిన స్పష్టత.

జూన్ 21

నవీన నాకే ఫోన్ చేసింది. దాని స్టీరియో కూడా మొండికేస్తోందట, ఆదివారం వచ్చి చూడమంది. బావ రాకున్నా పర్లేదక్కా, నువ్వొస్తే చాలు అంది.

నిజంగా అందో, నా తృప్తి కోసం అందో, తేల్చుకోలేకపోతున్నాను.